‘ఆకే కదా మేడమ్!’

రెండు నెలల కిందట నిద్రపట్టని ఒక కుర్రాడికి జవాబిస్తూ ‘గంజాయి తాగితే వచ్చేది నిద్ర కాదు, మత్తు’ అని ఒక్క ముక్క రాశాను. ఆ ఒక్క ముక్కకి వచ్చిన ఉత్తరాలు నా టేబుల్ మీద కట్టగా ఉన్నాయి. కొన్ని తిట్లు, కొన్ని వాదనలు, ఎక్కువ భాగం ఏడుపులు. సగానికి పైగా పేర్లు లేనివే. పేరు లేకపోయినా ఫర్వాలేదు, జవాబిస్తాను. ఈ నెల శీర్షిక మొత్తం దీనికే. కోపం, మతిమరుపు, అత్తాకోడళ్ల ఉత్తరాలు రాసినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. విశాఖలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, హాస్టల్‌లో ఉంటాడు. దసరా సెలవులకి ఇంటికొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉంటున్నాయి, అడిగితే ఫోన్ ఎక్కువ చూశానంటాడు. రాత్రి పన్నెండింటికి లేచి గిన్నెలో మిగిలిన అన్నమంతా ఊడ్చుకు తింటున్నాడు. జీన్స్ ప్యాంటు ఉతకబోతే ఈ కాగితం దొరికింది. పిన్ను కొట్టి పంపుతున్నా, ఇదేంటో చెప్పండి. వాళ్ల నాన్నకి ఇంకా చెప్పలేదు, తెలిస్తే చంపేస్తారు. వాడికి తెలియకుండా మూత్రం పరీక్ష చేయించొచ్చా? మూడు నెలలు గదిలో పెట్టి మాన్పించే సెంటరేదో ఉందట, అక్కడ పడెయ్యమని మా ఆడపడుచు అంటోంది.
– ఒక తల్లి, అనకాపల్లి జిల్లా

జవాబు: అమ్మా, మీరు పంపిన కాగితం నా ముందుంది. ఉల్లిపొరంత పల్చన, చూపుడువేలంత పొడవు, ఒక అంచున ఎండిన జిగురు గీత. పాన్‌షాపుల్లో చిన్న పుస్తకంలా అమ్ముతారు. కుర్రాళ్లు ‘ఓసీబీ’ అంటారు. అది ఒక కంపెనీ పేరు, ఇప్పుడు ఏ కంపెనీ కాగితాన్నైనా అలాగే పిలుస్తున్నారు. పొగాకు చుట్టుకోవడానికీ ఇదే వాడతారు కాబట్టి కాగితం ఒక్కటే సాక్ష్యం కాదు. కానీ ఎర్రటి కళ్లు, అర్ధరాత్రి ఆకలి, ఈ కాగితం మూడూ ఒక్కచోట చేరాయంటే నేనైతే గంజాయి అనే అనుకుంటాను.

మూత్రం పరీక్ష దొంగచాటుగా చేయించకండి. ఒక్కసారి తాగినా మూడు నాలుగు రోజులు పాజిటివ్ వస్తుంది. రోజూ తాగేవాడైతే మానేసిన నెల్లాళ్లకి కూడా రావచ్చు. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే పదార్థం ఒంట్లో కొవ్వులోకి ఇంకి, అక్కణ్నుంచి మెల్లగా దిగుతుంది మరి. అంటే ఆ రిపోర్టు ‘తాగాడు’ అని చెబుతుందే తప్ప ఎంత తాగుతున్నాడో, ఎందుకు తాగుతున్నాడో, మానేశాడో చెప్పదు. పైగా మీరు చాటుగా చేయించారని వాడికి తెలిసిన రోజున మీతో మాట్లాడటం మానేస్తాడు.

ఇది పుస్తకం చదివి చెబుతున్న మాట కాదు, దెబ్బతిని చెబుతున్నది. నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఇలాగే ఒక తండ్రి వచ్చారు. ‘రోజూ జేబులు వెతకండి, చేతులు వాసన చూడండి, చేతికి డబ్బివ్వకండి’ అని నేనే చెప్పాను. ఆయన డ్యూటీ చేసినట్టు చేశారు. సాయంత్రం కొడుకుని గుమ్మంలో నిలబెట్టి వేళ్లు వాసన చూసేవారట. రెండు నెలలకి ఆ వాసన పోయింది. సంతోషంగా మాడుగుల హల్వా డబ్బా పట్టుకొచ్చారు, అందరం తిన్నాం. మూడు వారాలు తిరక్కుండా ఆ కుర్రాణ్ని స్పృహ లేకుండా ఆసుపత్రికి తెచ్చారు. వాడు మానలేదు, వాసన రాని సరుకుకి మారాడు. నిద్రమాత్రలు, వాటి మీద బీరు. ఆ రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. బతికాడు, అదృష్టం. మాడుగుల హల్వా మాత్రం నాకిప్పటికీ గొంతు దిగదు.

కాబట్టి వాడి కళ్లు తెల్లగా ఉన్న పూట చూసుకోండి. పక్కన ఎవరూ ఉండకూడదు. ‘ఇది నీ జేబులో దొరికింది. అరవను. ఇది నీకు దేనికి పనికొస్తోందో చెప్పు’ అని అడగండి. ‘ఎందుకు తాగుతున్నావురా’ అంటే తలదించుకుంటాడు, ‘దేనికి పనికొస్తోంది’ అంటే ఆలోచిస్తాడు. ఈ ప్రశ్నకి నేను విన్న జవాబులు: నిద్ర పట్టట్లేదు. బ్యాక్‌లాగ్స్ ఐదున్నాయి, గుర్తొస్తే గుండె దడ. రూములో నలుగురూ తాగుతారు, నేనొక్కణ్నే తాగకపోతే బయట కూర్చోవాలి. గంజాయి వనంలో తులసి మొక్కలా ఉండమని మనం చెబుతాం. పంతొమ్మిదేళ్ల వాడికి అంత ఒంటరితనం తట్టుకోవడం కష్టమమ్మా. నిద్రకీ దడకీ మా దగ్గర మందుంది. రూము మార్చడం మీ చేతిలో ఉంది.

మానేసిన మొదటి వారం గట్టిగా ఉంటుంది. చిరాకు, చెమట, అన్నం సహించకపోవడం, నిద్ర పట్టకపోవడం, పడితే పిచ్చి కలలు. రెండు వారాలకి చాలావరకు తగ్గుతుంది. ఆ రోజుల్లో కంచం విసిరేసినా అది మీ మీద కోపం అనుకోకండి. గంజాయి మాన్పించే మాత్ర అంటూ ప్రత్యేకంగా ఏదీ లేదు. ఎవరైనా పొడి ఇస్తాం, పప్పులో కలపండి అంటే నమ్మకండి. కొద్దిరోజులు నిద్రకి సాయం, వారం వారం కౌన్సెలింగ్. మధ్యలో ఒకసారి జారినా మళ్లీ మొదలుపెట్టడమే.

గదిలో బంధించే సెంటర్ సంగతి. రాష్ట్ర మానసిక ఆరోగ్య సాధికార సంస్థలో రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. సైకియాట్రిస్ట్ ఎన్ని రోజులకొకసారి వస్తారో అడగండి. ‘మూడు నెలలు పిల్లాణ్ని చూడటానికి వీల్లేదు’ అంటే ఆ గుమ్మంలోంచే వెనక్కి తిరగండి. ఎవరినైనా కట్టేయడం, కొట్టడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నేరం కిందికొస్తాయి. మీవాడికి అసలు అడ్మిషనే అక్కర్లేకపోవచ్చు. 14446కి ఫోన్ చేస్తే డబ్బులేం పడవు, దగ్గర్లో ఉన్న ప్రభుత్వ డీ-అడిక్షన్ కేంద్రం చెబుతారు. మా దగ్గరికి వస్తే పోలీసులకి చెప్పేస్తామేమోనని చాలామంది భయపడతారు. చెప్పం. మత్తుమందుల చట్టంలోనే 64ఎ అని ఒక సెక్షన్ ఉంది: అలవాటుపడి, కొద్ది పరిమాణంతో దొరికినవాడు తనంతట తాను చికిత్సకి ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. మధ్యలో వదిలేయకుండా చికిత్స పూర్తిచెయ్యాలి, అంతే.

ఇక వాళ్ల నాన్న. వాడితో ఒకసారి మాట్లాడాక ఆయనకీ చెప్పండి. చంపేస్తారని మీరంటున్నారు గానీ, నా గదిలో కర్చీఫు తడిపేసేవాళ్లలో తండ్రులే ఎక్కువ.

ప్రశ్న: మేడమ్, మీరు మరీ భయపెడుతున్నారు. అది ఆకే కదా! శివుడి ప్రసాదం. చాలా దేశాల్లో లీగల్ చేశారు. సిగరెట్, మందు కంటే నయం. ఓవర్‌డోస్‌తో ఎవరూ చావలేదు. నేను వీకెండ్స్‌లో మాత్రమే తాగుతాను, పర్సంటేజ్ 78.
– ఒక విద్యార్థి, 22 ఏళ్లు, హైదరాబాద్

జవాబు: బాబూ, నీ మాటలో నిజమున్నంత వరకు ఒప్పుకుంటాను. ఒక్క గంజాయితోనే ఊపిరి ఆగి చనిపోవడం, హెరాయిన్‌తో జరిగినట్టు, జరగదు. మందు మన ఇళ్లు ఎక్కువ కూల్చిందన్నదీ నిజమే. 78కి అభినందనలు.

కానీ ఆకు అన్నావు చూడు, అక్కడ తప్పులో కాలేశావు. 1985 నాటి మత్తుమందుల చట్టంలో (ఎన్‌డీపీఎస్) గంజాయి అంటే పూతా కాతా ఉన్న కొనలు. విడి ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. ఉత్తరాదిన శివరాత్రికి నూరి తాగే భంగు ఆకు. నువ్వు కాగితంలో చుట్టేది పువ్వు. మత్తంతా ఆ పువ్వు మీది బంకలో ఉంటుంది.

ఆ పువ్వు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మాది నర్సీపట్నం. మా నాన్న బస్సు కండక్టరు, చింతపల్లి రూటు. లంబసింగి ఘాటు దిగే బస్సులో ఏ సీటు కిందో ఒక గోనెసంచి ఉండేదట. ఎవరిదంటే ఎవరూ నాదనేవారు కాదు. పచ్చిగడ్డీ కిరసనాయిలూ కలిసినట్టుండే ఆ వాసన నాన్న ఖాకీ చొక్కాకి పట్టేది, అమ్మ దాన్ని విడిగా నానబెట్టేది. సీలేరు, చింతపల్లి, గూడెం కొత్తవీధి కొండల్లో పండే శీలావతి రకానికి ఊళ్లు దాటి గిరాకీ ఉంది. 2021లో ‘పరివర్తన’ పేరుతో పోలీసులు వేల ఎకరాల్లో ఆ తోటల్ని నరికించారు. (పండించిన గిరిజనుడు జైల్లో, పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడున్నాడో తెలీదు. అది వేరే కథ, రాస్తే ఈ పేజీ చాలదు.)

సరుకు బలం కూడా ఒకటి కాదు. అమెరికాలో పట్టుబడిన గంజాయిని పరీక్షిస్తే 1995లో టీహెచ్‌సీ 4 శాతం దగ్గర ఉంది, 2014కి 12 శాతానికి చేరింది. మీ హైదరాబాద్‌లో చిన్న సీసాల్లో అమ్ముతున్న హాష్ ఆయిల్ ఇంకా చిక్కన. అది గంజాయిలోంచి లాగిన సారం, దాన్ని కాగితానికి పూసి చుడుతున్నారు. సాధువు పీల్చిన చిలుమునీ దీన్నీ ఒక గాటన కట్టకు.

వీకెండ్ అన్నావు. శుక్రవారం సాయంత్రమా, గురువారం రాత్రా? నవ్వులాటకి కాదు, నా పేషెంట్లందరి వీకెండూ మెల్లమెల్లగా ముందుకి జరిగి సోమవారానికి ఆనుకుంది. తాగేవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరు మానలేని స్థితికి వెళ్తారు. టీనేజీలో మొదలుపెడితే ఆరుగురిలో ఒకరు. నీ రూములో, పక్క రూములో కలిపి లెక్కపెట్టుకో.

ఇంకో పేషెంటు గురించి చెబుతాను. క్యాంపస్‌లో ఉద్యోగం కొట్టిన కుర్రాడు, రాగానే ఫ్యాన్ ఆపమన్నాడు. జూన్ నెల, విశాఖ ఉక్క ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి తెలుసు. ఫ్యాన్ రెక్కల చప్పుడులో వాడి రూమ్మేట్లు వాడి గురించి గుసగుసలాడుతున్నారట. చెమటలు కారుతూ ఇద్దరం నలభై నిమిషాలు కూర్చున్నాం. మందులతో ఆరు వారాల్లో సర్దుకున్నాడు. ఎనిమిది నెలల తర్వాత స్నేహితుడి పెళ్లిలో ‘ఒక్క దమ్మే’ కొట్టాడు. మళ్లీ ఫ్యాన్ ఆపాల్సి వచ్చింది. తాగిన అందరికీ ఇలా కాదు. చిన్న వయసులో మొదలుపెట్టి, బలమైన సరుకు, తరచుగా తాగేవాళ్లకి ముప్పు ఎక్కువ. ఇంట్లో మేనమామో పెదనాన్నో మతిచెడి ఇల్లొదిలి వెళ్లిపోయిన చరిత్ర ఉంటే మరీ ఎక్కువ. ఇలాంటి సంగతులు మన ఇళ్లలో పిల్లలకి చెప్పరు. ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మమ్మని అడుగు. ఉంది అంటే నీకు ఆ ఒక్క దమ్మూ వద్దు.

రోజూ తాగేవాళ్లలో కొందరికి ఆగని వాంతులు పట్టుకుంటాయి. ఎండోస్కోపీలు చేయించుకుని, గ్యాస్ మాత్రలు మింగి, చివరికి నా దగ్గరికి వస్తారు. నేను అడిగే మొదటి ప్రశ్న, ‘రోజుకి ఎన్నిసార్లు స్నానం చేస్తున్నావు?’ వేడినీళ్లు ఒంటి మీద పడినంతసేపే వాళ్లకి తెరిపి. ‘ఆరుసార్లు’ అన్నాడొకడు. వాళ్లమ్మ దాన్ని శుభ్రత అనుకుని మురిసిపోయింది.

చివరగా చట్టం. తాగి దొరికితే ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. నువ్వు కొన్నదాంట్లో కొంచెం ఫ్రెండ్‌కిస్తే, లాభం తీసుకోకపోయినా, అది సరఫరా కిందికే రావచ్చు. ఈ సంగతి తెలియక పోలీస్ స్టేషన్లో కూర్చున్న పిల్లల్ని చూశాను.

ప్రశ్న: పుట్టినరోజు పార్టీలో మా ఫ్రెండ్ ఎవరో ఇచ్చిన టాబ్లెట్ సగం వేసుకుంది, ఎండీఎంఏ అన్నారు. మూడు గంటలు ఆపకుండా డాన్స్ చేసింది. తర్వాత ఒళ్లు కాలిపోయింది, పళ్లు కొరుకుతోంది, మాట తడబడింది. పోలీస్ కేసవుతుందని హాస్పిటల్‌కి తీసుకెళ్లలేదు. చల్లటి నీళ్లు సీసాలకి సీసాలు తాగించి పడుకోబెట్టాం. తెల్లారేసరికి లేచింది. మేం చేసింది కరెక్టేనా? చాలా టెన్షన్‌గా ఉంది.
– పేరు వద్దు, గచ్చిబౌలి

జవాబు: కాదమ్మా. ఆ పిల్ల అదృష్టం బాగుంది, అంతే.

ఎండీఎంఏ అంటే పార్టీల్లో హుషారు కోసం మింగే మత్తుమాత్ర. అది ఒంట్లో వేడిని అదుపు తప్పిస్తుంది. మూసిన హాలు, జనం, ఆగని డాన్స్ కలిస్తే జ్వరం 104 దాటిపోతుంది, కండరాలు కరిగి కిడ్నీల మీద పడుతుంది. అందుకని సీసాలు సీసాలు నీళ్లు తాగిస్తే రక్తంలో సోడియం పడిపోయి మెదడు వాస్తుంది, ఫిట్స్ వస్తాయి. ఈ మందు వేసుకున్నప్పుడు ఒళ్లు ఎక్కువైన నీటిని బయటికి పంపలేదు కూడా. ఆ మాత్రలో ఏముందో ఇచ్చినవాడికే తెలియదు. ఎండీఎంఏ పేరుతో మెఫెడ్రోన్, మెథ్ లాంటి వేరే మత్తుమందు ఏదైనా రావచ్చు.

ఒళ్లు కాలుతూ మాట తేడాగా ఉంటే 108. వచ్చేలోపు బయటి గాలికి తీసుకొచ్చి, తడిగుడ్డ వేసి, ఫ్యాన్ కింద పక్కకి తిప్పి పడుకోబెట్టండి. వెల్లకిలా పడుకోబెడితే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాఫీ, మజ్జిగ, నిమ్మరసం ఏదీ పొయ్యొద్దు. క్యాజువాలిటీలో డాక్టర్‌కి ఏం వేసుకుందో, ఎన్నింటికో ఉన్నదున్నట్టు చెప్పండి. ‘ఫుడ్ పాయిజన్’ అంటే ఆ డాక్టరు వాంతులకి మందిస్తూ కూర్చుంటారు. పోలీసు భయం మిగతా పదిమందికి. ప్రాణభయం ఆ ఒక్కదానికే.

ప్రశ్న: న్యూజెర్సీలో ఎంఎస్ చేస్తున్నా. ఇక్కడ గంజాయి లీగల్, షాపులోనే గమ్మీస్ (గంజాయి కలిపిన జెల్లీ మిఠాయిలు) కొన్నా. ఒకటి తిన్నా, గంటైనా ఏం కాలేదని ఇంకో రెండు తిన్నా. తర్వాత చచ్చిపోతున్నాననిపించింది, రూమ్మేట్స్ 911కి చేశారు. ఇప్పుడు బాగానే ఉన్నా గానీ అప్పుడప్పుడు దడ వస్తోంది. గుండెకేమైనా అయిందా?
– 24 ఏళ్ల విద్యార్థి

జవాబు: పొగ నిమిషాల్లో తలకెక్కుతుంది. తిన్నది కడుపు, కాలేయం దాటి వెళ్లాలి కాబట్టి గంట, రెండు గంటలు పడుతుంది, ఖాళీ కడుపో నిండు కడుపో అన్నదాన్ని బట్టి. ఆ గ్యాప్‌లోనే నీలా అందరూ రెండోది మింగుతారు. నువ్వు పడ్డది పానిక్. అప్పుడప్పుడు వచ్చే దడ దాని గుర్తే అయ్యుండొచ్చు, అయినా ఒక ఈసీజీ తీయించుకో, యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో అవుతుంది. నెలలోపు తగ్గకపోతే అక్కడి కౌన్సెలర్‌ని కలువు.

నువ్వు అడగని సంగతి ఒకటి. న్యూజెర్సీలో లీగల్ అన్నది ఆ రాష్ట్ర చట్టం. నీ వీసా చూసేది ఫెడరల్ ప్రభుత్వం, వాళ్ల పుస్తకంలో గంజాయి ఇంకా నిషిద్ధమే. ఇమ్మిగ్రేషన్ అధికారి ముందు ‘అప్పుడప్పుడు వాడాను, అక్కడ లీగలే కదా’ అన్నా చిక్కులో పడొచ్చు. ఇంటి మీద పాతిక లక్షలో ముప్ఫై లక్షలో అప్పు తెచ్చి వెళ్లుంటావు. గమ్మీ డబ్బా ఖరీదు అది కూడా కలిపి లెక్కేసుకో.

ప్రశ్న: జిమ్‌లో సీనియర్ ఒకాయన వర్కవుట్‌కి ముందు నరానికి ఇంజెక్షన్ చేస్తాడు. బరువు రెట్టింపు లేపగలుగుతున్నా. ఆపరేషన్లలో వాడే మందే కదా, సేఫ్ అంటాడు. కానీ గుండె గొంతులో కొట్టుకున్నట్టుంటుంది.
– విజయవాడ

జవాబు: అది మెఫెంటర్మిన్ అయ్యుంటుంది. ఆపరేషన్ టేబుల్ మీద బీపీ పడిపోయిన మనిషికి, పక్కన మత్తు డాక్టరు మానిటర్ చూస్తూ కూర్చుని, లేపడానికి ఇచ్చే మందు. నీ బీపీ పడిపోలేదు. బాగున్న బీపీని ఇంకా పైకి తోసి, దాని మీద వంద కేజీలు ఎత్తుతున్నావు. గుండె లయ తప్పొచ్చు, మెదడులో నరం చిట్లొచ్చు. ఆపరేషన్లో వాడే కత్తి కూడా సేఫే, జిమ్ సీనియర్ చేతిలో కాదు.

ఇవాళే ఆపు. ఈ వారంలో ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) తీయించుకో. ఒకే వయల్లోంచి, ఒకే సిరంజితో ఇంకెవరికైనా చేశాడా? చేసి ఉంటే హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు ఇప్పుడొకసారి, మూడు నెలలకి ఇంకోసారి. ప్రభుత్వ ఆసుపత్రిలోని కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రం (ఐసీటీసీ)లో హెచ్ఐవీ పరీక్ష ఉచితం, పేరు బయటికి రాదు.

ప్రశ్న: మా తమ్ముడికి 24. పదహారేళ్ల వయసు నుంచి కల్లు తాగుతడు, గంజాయి గింజాయి ఏం లేదు. నెలకింద అమ్మ ఒట్టు పెట్టించుకుంటే ఒక్కసారే బంద్ చేసిండు. మూడో రోజు చేతులు వణికినయ్, ఫిట్స్ వచ్చినయ్, గోడతోటి మాట్లాడిండు. ఊళ్లె గాలి సోకిందన్నరు. మళ్ల కల్లు పోస్తే నిమ్మళమైండు. కల్లు మంచిదే అంటరు గద డాక్టరమ్మా?
– ఒక అక్క, నిజామాబాద్ జిల్లా

జవాబు: అమ్మా, గాలీ కాదు, దయ్యమూ కాదు. చెట్టు మీంచి దించిన కల్లు మానేస్తే ఇరవైనాలుగేళ్ల వాడికి గోడలు మాట్లాడవు. మీ తమ్ముడు తాగుతున్న దాంట్లో ఆల్‌ప్రాజోలం, డయజెపాం లాంటి మత్తుమందు కలుస్తోంది. కొన్నిచోట్ల క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. తాగేవాళ్లు నిక్కమైన కల్లు పోస్తే ‘కిక్కు లేదు’ అని దుకాణం మారుస్తారు, అందుకని కలుపుతూనే ఉంటారు. మీవాడు ఎనిమిదేళ్లుగా కొలత తెలియకుండా ఆ మాత్రలు తాగుతున్నాడన్నమాట.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కల్లు దుకాణాలు మూసేసరికి హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి ఇలాంటివాళ్లే బారులు తీరారు. మీ తమ్ముడి వణుకూ ఫిట్సూ అవే.

మీరు చేసింది తప్పు కాదు, తెలియక చేశారు. కానీ మళ్లీ ఒట్లు పెట్టించి ఒక్కసారిగా మాన్పించొద్దు. ఫిట్స్‌తో ప్రాణం పోవచ్చు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. అదే జాతి మందు తెలిసిన మోతాదులో ఇచ్చి, వారం వారం కొంచెం కొంచెం తగ్గిస్తూ దించుతారు. మెట్లు దిగినట్టు. ఎన్నాళ్లు తాగాడు, రోజుకి ఎన్ని సీసాలు అన్నది చీటీ మీద రాసుకెళ్లండి, అక్కడ కంగారులో మర్చిపోతారు. దానితోపాటు కొబ్బరికాయ కొట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు.

ప్రశ్న: ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచర్ని. ఎనిమిదో తరగతి పిల్లలు ముగ్గురు టాయిలెట్ల వెనక పాలిథిన్ కవర్లో సైకిల్ పంక్చర్ల సొల్యూషన్ పోసి పీలుస్తున్నారు. కేకలేసి తరిమాను, గోడ దూకి పారిపోయారు. రెండు రోజులుగా బడికి రావట్లేదు. టీసీ ఇచ్చెయ్యాలని మిగతా టీచర్లు అంటున్నారు.
– ఒక ఉపాధ్యాయుడు, విజయనగరం జిల్లా

జవాబు: మాస్టారూ, మీ కోపం నాకర్థమైంది. కానీ పీలుస్తున్న పిల్లల్ని ఇంకెప్పుడూ తరమకండి. ఆ జిగురులో, వైట్నర్‌లో, థిన్నర్‌లో ఉండే ఆవిర్లు గుండెని సున్నితం చేసి పెడతాయి. ఆ స్థితిలో భయపడి ఒక్కసారిగా పరిగెత్తితే గుండె లయ తప్పి అక్కడికక్కడే ఆగిపోవచ్చు. మొదటిసారి పీల్చిన పిల్లాడికైనా. మెల్లగా దగ్గరికెళ్లి, కవరు తీసుకుని, గాలి తగిలేచోట కూర్చోబెట్టాలి. తిట్లు ఆ తర్వాత గంటకి.

ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో దేశమంతా చేసిన సర్వే నివేదిక 2019లో వచ్చింది. అందులో పెద్దవాళ్ల కంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఇదొక్కటే. కారణం కిటుకేం కాదు: చవక, ఏ కొట్టులోనైనా దొరుకుతుంది, ఆకలి తెలియనివ్వదు.

టీసీ మాట మరిచిపోండి. రేపు ఆ ముగ్గురి ఇళ్లకీ మీరే వెళ్లండి, వేరే మాస్టారిని పంపకండి. తరిమింది మీరే కాబట్టి పిలవాల్సిందీ మీరే. ఇంటి దగ్గర ఎవరున్నారో, పొద్దున ఏం తిన్నారో చూసి రండి. మూతి చుట్టూ పొక్కులు, తలనొప్పి, నడకలో తూలు ఉంటే పిల్లల డాక్టర్‌కి చూపించాలి. ఈ ముగ్గురిలో ఒకడు లీడర్ అయ్యుంటాడు. వాడికి బడిలో ఏదైనా పని అప్పగించండి, గంట కొట్టే పనైనా సరే.

ప్రశ్న: గంజాయి మానేసి 41 రోజులైంది. నిన్న రాత్రి కలలో తాగాను. వాసన కూడా వచ్చింది. లేచి ఏడ్చాను. మళ్లీ మొదలైనట్టేనా? పాత ఫ్రెండ్స్ టీ కొట్టు దగ్గరికి రమ్మని ఫోన్లు చేస్తున్నారు, ‘నీకివ్వంలే, కూర్చుని పో’ అంటున్నారు. ఒక్కణ్నే ఉండలేకపోతున్నా.
– రాజమండ్రి

జవాబు: కలలో తాగింది లెక్కలోకి రాదు. ఇవాళ 42వ రోజే. మానినవాళ్లలో చాలామందికి ఈ కల వస్తుంది. గంజాయి తాగినంతకాలం అణిగి ఉన్న కలలు మానేశాక విరుచుకుపడతాయి. నువ్వు లేచి ఏడ్చావంటే నీకు వద్దనే ఉంది.

ఆ టీ కొట్టుకి మాత్రం ఇప్పుడే వెళ్లకు. వాళ్లు ఇవ్వరు, నిజమే. పక్కవాడి వేళ్ల మధ్య కాగితం చూస్తే నీ చెయ్యే అడుగుతుంది. ఆ గుంపులో నిన్ను ఒంటరిగా కలవడానికి ఒప్పుకునేవాడు ఒక్కడైనా ఉంటాడు. వాణ్ని పొద్దున ఆరున్నరకి గోదావరి గట్టు మీదికి రమ్మను. వస్తే టీ నువ్వే తాగించు. రాకపోతే 14416కి చెయ్యి. అది టెలీమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.